అంచు దెబ్బ

పేరు బి.ఎస్.ఏ. మార్టినీ.
పుట్టింది బర్మింగ్‌హామ్.
ఉండేది గుంతకల్లు, మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక.
పోలీసు రసీదులో మాత్రం
"తుపాకి ఒకటి. పాతది."

ఎలక్షన్లని చాటింపు పడగానే
బొంతలో చుట్టి, సైకిలుకు కట్టి
స్టేషనుకు నడిపించుకుపోతా.
ఉగ్గాని బండి కాడ ఎవడో ఒకడు అడుగుతాడు
"ఏం నబీసా, ఎవురికి మూడింది?"
"కాగితానికి" అంటా.
నవ్వుతారు గానీ
బొంత వైపు చూసిన చూపు నవ్వదు.
మా సీమలో తుపాకి అనే మాటకు
పక్కనే ఒక శవం పడుకొని ఉంటుంది.
దీనికి ఆ సంగతి తెలీదు.
యాభై గజాల అవతల అరచేతి నడుమంత నలుపు,
ఆ నలుపులో కందిగింజంత చోటు.
అంతే దీని లోకం.

ఇచ్చింది డెస్మండ్ రోజారియో, బొగ్గింజన్ల డ్రైవరు.
ఊరికే ఇవ్వలేదు, మూడు నెలల జీతం తీసుకున్నాడు.
"ఇది అరవదు నబీ, దగ్గుతుంది.
ఊపిరి సగం వదిలేయ్,
తక్కిన సగం దానికియ్యి" అన్నాడు.
ఆయన సమాధి మీద పేరు చెరిగిపోయింది,
నేను మాత్రం ఇప్పటికీ సగమే వదుల్తా.

పెద్ద తూటాలకు నడినెత్తిన పొడవాల.
ఈ పాయింట్ టూ టూకు
అంచు మీద చిన్న దెబ్బ, చాలు.
నాకు అర్థమైన తుపాకి ఇదొక్కటే.
మేం దూదేకులోళ్ళం.
మసీదులో మా తెలుగు ఎక్కువ,
బజార్లో మా టోపీ ఎక్కువ.
ఏ దెబ్బైనా మాకు అంచు మీదే.

ఖాళీ తూటాను లాగే పన్ను ఒకసారి విరిగింది.
మద్రాసుకు రాసినా, కలకత్తాకు రాసినా
లేదు, లేదు.
లోకోషెడ్డులో పారేసిన స్ప్రింగు ముక్క తెచ్చి
ఆకురాయితో పదకొండు రాత్రులు అరగదీసినా.
పన్నెండో రోజు అది పట్టింది.
నా పెళ్ళినాడు కూడా
అంత సంతోషపడ్డట్టు గుర్తులేదు
(ఈ మాట రమీజాబీకి తెలీదు).

బోర్లా పడుకొనేది మా నాయన ఏకిన దూది పరుపు మీద.
ఆయన చేతిలో విల్లు ఉండేది, బాణం లేదు.
నారి మోగితే దూది లేచి మంచులా పడేది,
మా అందరి కనురెప్పలూ తెల్లగా.
ఇప్పుడు నా కంటికి అదే తెలుపు, శుక్లం.
నలుపు చుక్క ఒకటి రెండైంది.
ఏది నిజమో తేల్చుకొనేలోగా
హుబ్లీ పాసింజరొస్తుంది,
నేల వణుకుతుంది,
మళ్ళీ మొదట్నుంచి ఊపిరి.

ఈసారి ఎలక్షన్లయినాక తెచ్చుకొని తెరిస్తే
గొట్టమంతా జిగురు, కొబ్బరినూనె వాసన!
స్టేషనుకు ఉరికినా. "ఎవురు చేసింది ఈ పని?"
సుంకమ్మ, కానిస్టేబులు, లేచి నిలబడింది.
"తుప్పు పడతాదేమోనని, సార్.
ప్రతి శుక్రవారం.
తలకు రాసుకొనేదే, మంచి నూనె."

తిట్టాలనే పోయినా.
మూడు నెలలు, పన్నెండు శుక్రవారాలు,
అది ఎవరినీ చంపలేదని
అడక్కుండా నమ్మిన మనిషి.
"ఆదివారం రేంజి కాడికి రామ్మా" అని
వచ్చేసినా.

వచ్చింది. చెప్పులు విడిచి
నాయన పరుపు మీద పడుకొంది.
లైసెన్సు మీద మిగిలినవి తొమ్మిది తూటాలు,
మూడు ఆమెకిచ్చినా.
మొదటిది మట్టిగట్టుకు.
రెండోది యాడికో, దేవుడికి.
మూడోది దగ్గింది.

కాగితం దగ్గరకు నడిచిపోయి చూసి
"గీత మీద పడింది, తగల్లేదు సార్" అంది.
"గీతను తాకితే
పై లెక్కే వేస్తారమ్మా" అన్నా.
నమ్మలేదు. వేలు పెట్టి ఆ చిల్లి అంచును
మళ్ళీ మళ్ళీ తడిమి చూస్తాంది.

నేను మీట దించినా.
ఖాళీ తూటా ఒకటి పరుపు మీదికి జారింది,
వేడిగా,
ఇంకా కొంచెం కొబ్బరి వాసనతో.